ఏ రిజిస్టరులోనూ లేని ఉద్యోగం

పార్లమెంటు వర్షాకాల సమావేశాలు 2025 జూలై 21న ప్రారంభమై, తొలి వారమంతా వాయిదాలతోనే గడచిపోయాయి. బీహారులో ఓటర్ల జాబితాల సవరణ విషయమై ప్రతిపక్షాలు ఉభయ సభలను స్తంభింపజేశాయి. జాబితాలో ఎవరి పేరున్నది, ఎవరి పేరు పోయినది అన్నదే ఆ రోజులలో రాజధానిలో ప్రధాన చర్చ. ఆ చర్చను సహచరులకు అప్పగించి, నేను నాలుగు రోజులు సెలవు పెట్టి ఖరగ్‌పూర్ రైలెక్కాను. కాలేజీ రోజులనాటి మిత్రుని అక్కగారు జూలై 31న రైల్వే ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేస్తున్నారు. రావలసిందేనని కబురు.

జాబితాల గొడవ ఢిల్లీలో వదలి వచ్చాననుకున్నాను. అది నాకంటే ముందే ఖరగ్‌పూర్ చేరి, క్వార్టరు వరండాలో కూర్చుని ఉన్నదని అప్పటికి నాకు తెలియదు.

ఖరగ్‌పూర్ అనగానే మన పాఠకులకు రెండు సంగతులు స్ఫురిస్తాయి. ఒకటి 1951లో నెలకొన్న తొలి ఐ.ఐ.టి. రెండవది ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం. ఆ రెండవ కీర్తి ఇప్పుడు లేదు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. ఈ రెంటికన్న పాతదీ, మనకు దగ్గరిదీ అయిన సంగతి మరొకటున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఇక్కడ కర్మాగారం కట్టిననాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల తెలుగువారు బ్రతుకుతెరువుకై తరలివచ్చి ఈ ఊరిలో స్థిరపడ్డారు. నింపురా, మథురాకాఠీ, మలంచ వీధులలో నడిచేవారికి తాము బెంగాలులో ఉన్నామన్న మాట అప్పుడప్పుడు గుర్తు చేసుకోవలసి వస్తుంది. ఆ కార్మికులను కూడగట్టి 1920లలో సంఘం నడిపినవారు వరాహగిరి వేంకటగిరిగారు. ఆయన రాష్ట్రపతి భవనంలో ఉండగానే, 1974 మే నెలలో, రైల్వే సమ్మెను ప్రభుత్వం ఉక్కుపాదంతో అణచివేయడం చరిత్రలోని చేదు విచిత్రాలలో ఒకటి.

నేను క్వార్టరు చేరేసరికి ఇంట్లో పదవీ విరమణ సందడి లేదు, ఆందోళన ఉన్నది. మిత్రుని తల్లిగారు, నేను పిన్నిగారూ అని పిలిచే ఎనభై యేళ్ళ వృద్ధురాలు, వరండాలో పీట మీద కూర్చుని తల ఎత్తకుండా లేసు అల్లుతున్నారు. ఒళ్ళో తెల్లని నూలుకండె, చేతిలో సన్నని కొక్కెపు సూది, ప్రక్కన వెదురుబుట్ట నిండా అరచేయంతేసి తెల్లని పువ్వులు.

"వచ్చావా బాబూ! కూర్చో. ఇంకా పద్ధెనిమిది పువ్వులు కావాలి. దాని సభేమో గురువారం నాడాయె. నువ్వు కూర్చుని మాట్లాడు, నేను వింటూ అల్లుకుంటాను" అన్నారు.

పదవీ విరమణ సభలో అధికారులు శాలువా కప్పడం ఆచారం. ఆ శాలువాలు ఎలా ఉంటాయో ఎరిగినదే. జరీ అంచు, మెరుపు ముఖమల్, మరునాటి నుంచి బీరువాలో నివాసం. తన కూతురు ముప్ఫై యెనిమిదేళ్ళు నౌకరీ చేసి సభకు వెళ్ళేనాడు తన చేతి లేసు శాలువా భుజాన వేసుకుని వెళ్ళాలని పిన్నిగారి కోరిక. వెనుక కంటికి శుక్లాల ఆపరేషను కావడంతో పని ఆలస్యంగా ఆరంభమైంది. రైల్వేలో పదవీ విరమణ నెలాఖరు రోజునే జరుగుతుంది. ఆ తేదీ ఎవరి కంటిచూపు కోసమూ ఆగదు.

పిన్నిగారు ఉత్తరాంధ్ర వారు కారు. నరసాపురం ప్రాంతపు ఆడపడుచు. 1963లో వివాహమై, కర్మాగారంలో పనిచేసే భర్తతో ఈ ఊరు వచ్చారు. లేసు పని ఆమెకు ఏడవ యేటనే తల్లి నేర్పిన విద్య. గోదావరి డెల్టాలో ఈ విద్య పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ప్రవేశించింది. 1840లనాటి ఘోరమైన కరవులో, ఐర్లండు పేద స్త్రీలకు ఇదే కొక్కెపు సూది అన్నం పెట్టింది. తరువాతి కాలంలో గిరిగారు న్యాయశాస్త్రం చదివినది ఆ దేశంలోనే. నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలలో తొలుత క్రైస్తవ కుటుంబాల స్త్రీలు, పిమ్మట గడప దాటి కూలికి పోవడం పరువు తక్కువగా భావించే వ్యవసాయ కుటుంబాల స్త్రీలు దీనిని చేపట్టారు. ఏజెంటు నూలు ఇస్తాడు, అల్లిన సరుకు తీసుకుపోతాడు. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. ఆ సరుకు సముద్రాలు దాటి ఎవరి భోజనాల బల్ల మీదకు చేరుతుందో అల్లినవారికి తెలియదు.

పెళ్ళయినా పిన్నిగారి పని ఆగలేదు. రైల్వే పాసు మీద పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా నిడదవోలులో బండి మారి, నరసాపురం నుంచి నూలుకండెలు తెచ్చుకునేవారు. తిరిగి వెళ్ళేటప్పుడు అల్లిన పువ్వులు మూట కట్టి తీసుకుపోయేవారు. తాను వెళ్ళలేనప్పుడు ఊరికి పోయే బంధువుల చేతికి ఇచ్చి పంపేవారు. ఏజెంటు పువ్వుకు ఇంతని లెక్క కట్టి ఇచ్చే డబ్బు ఎంతో అడిగితే, "ఇప్పుడది చెప్పుకుంటే నవ్వుతారు బాబూ" అని దాటవేశారు.

అయితే ఆ నవ్వులాట డబ్బే 1974లో ఆ ఇంటిని నిలబెట్టింది. మే 8 నుంచి 27 వరకు సమ్మె సాగిన ఇరవై రోజులు ఆమె భర్త ఇంటి ముఖం చూడలేదు. దేశమంతటా వేలాది కార్మికులు అరెస్టవుతున్న రోజులవి. ఇంట్లో తొమ్మిదేళ్ళ కూతురు, ఏడేళ్ళ కొడుకు. బియ్యం కొట్టువాడు అరువు ఆపినాడు. ఊరికి పంపడానికి రైళ్ళు లేవు గనుక, దాచిన లేసును గోల్ బజారులో ఒక వర్తకునికి అడిగిన ధరకు ఇచ్చివేశారట. సమ్మె చరిత్రలో జార్జి ఫెర్నాండెజ్ ఉన్నారు, కార్మిక సంఘాలున్నవి, లాఠీలున్నవి. ఆ లేసు మూట ఎక్కడా లేదు.

నాకు పత్రికా రచయితల దుర్గుణం ఒకటున్నది. కాగితం, కలం తీసి లెక్క కట్టాను. శాలువా పొడవున పదిహేను పువ్వులు, వెడల్పున ఎనిమిది, వెరసి నూట ఇరవై. పువ్వుకు గంట. అతుకుపనికి, చుట్టూ అంచుకు మరి నలభై గంటలు. మొత్తం 160 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీ చొప్పున ఇరవై రోజుల నౌకరీ. ఈ లెక్క చదివి వినిపిస్తే పిన్నిగారు సూది ఆపి నవ్వారు.

"ఇది నౌకరీ ఏమిటి నాయనా! నౌకరీ చేసింది మీ బాబాయిగారు, అక్కయ్య. నేనేం పని చేశాను? ఖాళీగా కూర్చోలేక అల్లాను."

సరిగ్గా ఈ మాటనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1978-79లో నరసాపురం గ్రామాలలో విన్నది. 1982లో లండనులో వెలువడిన ఆమె గ్రంథం ప్రపంచ ప్రసిద్ధమైనది. లక్షకు పైబడిన స్త్రీలు ఎగుమతికై రేయింబవళ్ళు శ్రమిస్తుండగా వారిని గృహిణులుగానూ, వారి శ్రమను తీరిక వేళల కాలక్షేపంగానూ చూడడం వల్లనే ఆ వ్యాపారానికి అంత లాభం వస్తున్నదని ఆమె తేల్చి చెప్పారు. పని అని పేరు పెట్టనప్పుడు కూలి అడిగే ప్రసక్తి లేదు గదా!

ఢిల్లీకి ఈ సంగతి తెలియదని అనలేము. ఇలా భట్ అధ్యక్షతన 1987లో ఏర్పడిన జాతీయ సంఘం మరుసటి యేడు సమర్పించిన 'శ్రమశక్తి' నివేదిక ఇంటి వద్ద పనిచేసే స్త్రీల దుస్థితిని విప్పి చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి పనివారల హక్కులపై 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని నేటికీ ధ్రువపరచలేదు. 2008నాటి అసంఘటిత కార్మికుల చట్టం, 2020నాటి సామాజిక భద్రతా స్మృతి ఇంటి వద్ద పనిచేసేవారికి నిర్వచనమైతే ఇచ్చాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. సరుకుకు పేరు వచ్చింది, సంతోషం. అల్లినవారి పేరు మాత్రం ఇంకా రావలసి ఉన్నది.

బుధవారం మధ్యాహ్నానికి ఇంకా పది పువ్వులు తక్కువ. అక్కయ్యగారు, "అమ్మా, ఇక చాలు, నీ కళ్ళు పోతాయి, చిన్నదిగానే వేసుకుంటాను" అని బ్రతిమాలారు. పిన్నిగారు వినలేదు. అప్పుడు జరిగినది నేను ఊహించనిది. ఇరుగుపొరుగు క్వార్టర్ల నుంచి నలుగురు స్త్రీలు సూదులు పట్టుకుని వచ్చారు. వారిలో ఇద్దరు విజయనగరం వైపువారు, ఒకరు ఒడియా, ఒకరు బెంగాలీ. అందరూ ఏనాడో ఈ వరండాలోనే పిన్నిగారి దగ్గర అల్లిక నేర్చినవారు. రాత్రి పదింటికి పువ్వులు పూర్తయినవి. బెంగాలీ ఆవిడ చేయి బిగువు కావడంతో ఆమె పువ్వులు రెండు కొంచెం చిన్నవిగా వచ్చాయి. "వీపు వైపు పోనీ, ఎవరికీ కనబడదు" అని పిన్నిగారు వాటిని మధ్యలో అతికారు. తెల్లవారు జామున పలుచని గంజి పెట్టి, చాప మీద గుండుసూదులతో సాగదీసి ఆరబెట్టారు. బయట వాన. ఫ్యాను గాలికి ఆరీ ఆరనిదానిని ఇస్త్రీ పెట్టెతో ముగించి, మధ్యాహ్నం సభకు బయలుదేరదీశారు.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలులో సభ చక్కగా జరిగింది. ప్రభుత్వోద్యోగంలో ఉన్న గొప్పతనం లెక్క. చేరిన తేదీ మొదలు ప్రతి దినం సర్వీసు రిజిస్టరులో ఉంటుంది. గ్రాట్యుటీ కట్టేటప్పుడు మూడు నెలలకు తగ్గని తునకను సైతం అర్ధ సంవత్సరంగా పరిగణిస్తారు. వాడుకోని సెలవులకు మూడు వందల రోజుల వరకు జీతం ఇస్తారు. ఇవన్నీ ఊరక వచ్చినవి కావు. సంఘాలు కట్టి, సమ్మెలు చేసి, జైళ్ళకు వెళ్ళి సాధించుకున్నవి. వాటిని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఆ లెక్క ఎంత న్యాయమైనదో చూసినకొద్దీ, అది ఇంటి గడప దగ్గరే ఎందుకు ఆగిపోయిందన్న ప్రశ్న నన్ను వేధించింది.

అధికారి జరీ శాలువా కప్పబోగా అక్కయ్యగారు దానిని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నారు. భుజం మీది లేసును మాత్రం తీయలేదు. మాట్లాడమంటే రెండే వాక్యాలు చెప్పారు. "నేను రైల్వే పరీక్షకు కట్టిన ఫీజు మా అమ్మ అల్లిన లేసు డబ్బు. నా సర్వీసు అక్కడ మొదలైంది." హాలు కాసేపు నిశ్శబ్దమై, పిమ్మట చప్పట్లు మ్రోగినవి. పిన్నిగారిని వేదిక మీదకు పిలిచారు. పిలిచిన యువకుడు పాపం ఎంతో గౌరవంగానే పరిచయం చేశాడు: "వీరి తల్లిగారు, గృహిణి."

వాయిదాపడిన జనగణనను 2027లో జరుపుతామని కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. ఈ గణనలో ఇంటి పరిశ్రమలో పనిచేసేవారిని చూపే పద్ధతి కొత్తది కాదు, ఏనాటి నుంచో ఉన్నది. కొరత గడిలో లేదు, అడిగే తీరులో ఉన్నది. లెక్కలవాడు గుమ్మంలో నిలబడి మగవారిని అడుగుతాడు. "ఆమె ఏమీ చేయదండీ, ఇంట్లోనే" అని జవాబు వస్తుంది. లోపలి నుంచి ఆమె కూడా అదే అంటుంది. ఓటర్ల జాబితాలో పేరు లేదని గొంతెత్తిన పార్లమెంటు సభ్యులు, మరో జాబితాలో తమ నియోజకవర్గపు స్త్రీలలో ఎందరు ఈ విధంగా గల్లంతు అవుతున్నారో ఒకసారి ప్రశ్నోత్తరాల సమయంలో అడుగుతారా? గోదావరి జిల్లాల సభ్యులకు ఈ బాధ్యత మరికొంత ఎక్కువ.

రైలుకు బయలుదేరుతూ పిన్నిగారితో అన్నాను: "జనాభా లెక్కలవారు వస్తే, ఏం పని చేస్తారంటే లేసు అల్లుతానని చెప్పండి."

ఆమె అప్పటికే కొత్త కండె విప్పుతున్నారు. మనుమరాలి పెళ్ళికట.

"చెప్పమంటావా? అది కూడా వ్రాస్తారా బాబూ?" అని అడిగారు.

వ్రాయించవలసిన బాధ్యత మనది.