బడిగడపయు బాలిక భావమును

1965 డిసెంబరులో అమెరికాయందలి డెమాయిన్ నగరమున మేరీబెత్ టింకర్ అను 13 ఏండ్ల బాలిక, వియత్నాము యుద్ధమున మడిసినవారికై శోకచిహ్నముగా నల్లని పట్టీ చేతికిఁ గట్టుకొని బడి కేఁగెను. అధికారు లామెను బడినుండి తాత్కాలికముగా వెడలించిరి. 1969 ఫిబ్రవరి 24వ తేదీని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమునఁ దొమ్మండ్రిలో నేడుగురు న్యాయమూర్తులు బాలిక పక్షమునఁ దీర్పు చెప్పిరి. బడిగడప దాఁటినంతమాత్రమున విద్యార్థికి భావప్రకటన స్వాతంత్ర్యము నశింపదనియు, బోధనకుఁ దీవ్రభంగముగాని యన్యుల హక్కులకు హానిగాని కలుగు సందర్భముననే దాని నడ్డవచ్చుననియు వారి నిర్ణయము.

ఉపాధ్యాయుని యింట మెలఁగు మాకును నిశ్శబ్దమే వినయమని తోఁచుచుండెడిది. ఇప్పు డట్లు తలఁపము. మాటాడనీయని బిడ్డ వినయము నేర్వదు; భయము నేర్చును. మన యింటి బాలిక యెదురుమాట పలికినప్పుడు, గద్దించుటకు ముందు "ఏల?" యని యడుగుదము.