ఏడాదికి రెండు మ్యాచ్‌ల ఆట
పాలమూరు, నల్లగొండ పిల్లల ఫుట్‌బాల్: అపోహలు – వాస్తవాలు

వానాకాలం నడుమ ఏదో ఒక రోజు స్కూల్ గేమ్స్ జోనల్ పోటీలు పడతాయి. పీఈటీ సారు పద్నాలుగు మంది పిల్లల్ని రెండు ఆటోల్లో ఎక్కించుకుని పొద్దున్నే బయల్దేరతారు. పదకొండు కొట్టేసరికి మ్యాచ్ అయిపోతుంది. ఆరు గోల్స్ తేడాతో ఓటమి. వెంట తెచ్చుకున్న పులిహోర చెట్టు కింద తిని తిరుగు ప్రయాణం. ఆ పిల్లల ఫుట్‌బాల్ సీజన్ అక్కడితో సరి, మళ్లీ వచ్చే ఏడే. ఆ సాయంత్రం మాత్రం పెద్దలం తీర్పు చెప్పేస్తాం: "మన దిక్కు పిల్లలకు ఫుట్‌బాల్ ఎక్కదు సార్."

ఏడాదికి ఒకటో రెండో మ్యాచ్‌లు ఆడిస్తే సచిన్‌కైనా క్రికెట్ ఎక్కేది కాదు. ఈ తీర్పు వెనక అపోహలు చాలానే ఉన్నాయి. కొన్ని తెలియక పట్టుకున్నవి, కొన్ని మనకు పని తప్పిస్తాయి కాబట్టి వదలనివి.

అపోహ: ఫుట్‌బాల్ బెంగాల్‌ది, కేరళది, గోవాది. మనది కాదు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. ఆ జట్టును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత్ 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్లలో తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం లాంటి మన జంటనగరాల వాళ్లు ఎంతమందో. బలరాం సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు. రోజూ హైదరాబాద్ వచ్చే స్తోమత లేదంటే రహీం సైకిల్ అద్దె తానే ఇచ్చి రప్పించుకున్నారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు రహీం తెలుసు. ఆయన గురించి తెలియాల్సిన సంగతి ఇంకొకటుంది. ఆయన డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పిల్లలకు పోటీలు పెట్టించేవారు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకునే మొనగాడికి అందులో చోటు లేదు, పాస్ ఇవ్వక తప్పదు. అంటే ఆయన పోటీని కప్పు ఇవ్వడానికి కాక, ఆట నేర్పడానికి వాడుకున్నారు. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా మనకు అందని తెలివి అదే.

పైన ఒక పెద్ద జట్టు ఉంటే కింద ఆట దానంతటదే పెరుగుతుందన్న ఆశ కూడా నిలబడలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ ట్రోఫీ గెలిచింది. 2025లో ఆ జట్టే పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. జడ్చర్లలో, మిర్యాలగూడలో బంతి తన్నే పిల్లాడి వారం ఆ జట్టు గెలిచినప్పుడూ మారలేదు, వెళ్లిపోయినప్పుడూ మారలేదు.

అపోహ: మంచి టోర్నమెంటు ఒకటి పెడితే చాలు.

అసలు జబ్బు ఇదే, కాబట్టి లెక్క నిదానంగా చూద్దాం. ఎనిమిది బడుల మధ్య నాకౌట్ పెట్టామనుకోండి. మొత్తం ఏడు మ్యాచ్‌లు. అందులో నాలుగు జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోతాయి, ఇంకో రెండు రెండో మ్యాచ్‌తో పోతాయి. మూడు మ్యాచ్‌లు ఆడేది ఫైనల్ చేరిన రెండు జట్లే. చూడండి ఎంత తలకిందుల వ్యవహారమో! ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాళ్లను మొదట పంపించేస్తున్నాం, బాగా వచ్చినవాళ్లకే ఇంకా ఆడే అవకాశం ఇస్తున్నాం. బడిలో లెక్కల పరీక్ష తప్పినవాణ్ని ఇక లెక్కల క్లాసుకు రావద్దన్నట్టే ఇది.

అవే ఎనిమిది బడులు లీగ్ పద్ధతిలో ఒకరితో ఒకరు ఒక్కసారి ఆడితే మొత్తం 28 మ్యాచ్‌లు, ఒక్కో జట్టుకు ఏడు. "అమ్మో, ఇరవై ఎనిమిదా!" అని భయపడక్కర్లేదు. ఏడుగురి జట్లతో, ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలుగా ఆడిస్తే, పక్కపక్కన గీసిన రెండు చిన్న కోర్టుల్లో నాలుగు మ్యాచ్‌లు ఒక్క పొద్దుటి పూటలో అయిపోతాయి. అంటే ఏడు ఆదివారాలు. దసరా సెలవులయ్యాక మొదలుపెడితే సంక్రాంతికి ముందే ముగుస్తుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు, దాని వెనకే నలభై దాటే ఎండలు వస్తాయి కనుక మన మెట్టకు ఆట కాలం ఈ చలికాలమే.

ఇంతా చేసి ఒక జట్టు అన్ని మ్యాచ్‌లూ పది సున్నాతో ఓడుతుంటే లాభం లేదు. ఓడినవాడికి ఏడుపు, గెలిచినవాడికి నిద్ర. మొదటి ఏడు అందరినీ కలిపి ఆడించి, రెండో ఏటి నుంచి బలాన్ని బట్టి పై వరస, కింది వరస అని రెండు చేయాలి. కింది వరసలో మొదట నిలిచిన జట్టు పైకి ఎక్కుతుంది, పై వరసలో చివరిది కిందికి దిగుతుంది. సమఉజ్జీల మధ్య జరిగేదే పోటీ.

ఇక్కడ రెండో వైపు అపోహ కూడా ఉంది. పిల్లలకు పోటీ అసలే వద్దు, గోల్స్ లెక్కపెట్టొద్దు అనేవారు. పిల్లలు ఎలాగూ లెక్కపెట్టుకుంటారు, మనం మానేసినంత మాత్రాన వాళ్లు మానరు. మానాల్సింది పెద్దలు: ఎనిమిదేళ్ల వాడికి పాయింట్ల పట్టిక, ఫ్లెక్సీ, "జిల్లా చాంపియన్" బిరుదు. నార్వేలో పదకొండో ఏడు రాకముందు పిల్లల పోటీలకు పట్టికలు వేయరు. అంత చిన్న దేశం హాలాండ్ లాంటి ఆటగాణ్ని ఇచ్చింది మరి.

అపోహ: స్టేడియం లేనిదే ఫుట్‌బాల్ లేదు.

అంతర్జాతీయ కొలతల మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన లెక్కలో దాదాపు ఎకరం ముప్పై గుంటలు. అంత నేల, అదీ చదునుగా, ఎన్ని బడులకు ఉంది? అది పెద్దలు ఆడే కొలత. పదకొండేళ్ల పిల్లల్ని పదకొండు మంది చొప్పున అందులో వదిలితే బంతి ఒక మూల, గోల్‌కీపర్ ఇంకో మూల. వెనకాల నిలబడ్డవాడి కాలికి పది నిమిషాలకోసారైనా బంతి తగలదు. పైగా గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. నాలుగున్నర అడుగుల కీపర్ తల మీదుగా ఏది వేసినా గోలే. అది ఆట నేర్పదు, గట్టిగా పైకి తన్నడం నేర్పుతుంది.

ఇంగ్లండ్ 2012లో ఈ పద్ధతి మార్చుకోవాలని నిర్ణయించింది. అప్పటి లెక్క: ఎనిమిదేళ్ల లోపు అయిదుగురు, పదేళ్ల లోపు ఏడుగురు, పన్నెండేళ్ల లోపు తొమ్మిది మంది, ఆ తర్వాతే పదకొండు మంది. నాలుగు సార్లు ప్రపంచ కప్పు గెలిచిన జర్మనీ 2024–25 సీజన్ నుంచి మరీ చిన్న పిల్లలకు ఇద్దరు, ముగ్గురు చొప్పున నాలుగు బుల్లి గోల్స్‌తో ఆడించడం తప్పనిసరి చేసింది. అంత దూరం ఎందుకు, కేరళ మలప్పురంలో ఊరూరా జనం విరగబడి చూసేది ఏడుగురి సెవెన్స్ ఆటే.

ఏడుగురి కోర్టుకు 55 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు చాలు. అంటే ఇరవై గుంటలు, అర ఎకరం. 2022 నుంచి మన పల్లెల్లో వెలసిన తెలంగాణ క్రీడా ప్రాంగణాలు గుర్తున్నాయా? చాలాచోట్ల బోర్డు, వాలీబాల్ స్తంభాలు, చుట్టూ గడ్డి. ఎకరానికి పైగా స్థలం ఉన్న చోట అలాంటి కోర్టులు రెండు పడతాయి. కావాల్సినవి సున్నం, కోర్టుకు నాలుగు వెదురు బొంగులు, పన్నెండేళ్ల లోపు వాళ్లకు నాలుగో సైజు బంతి. పిల్లలకు అయిదో సైజు కొనిపెట్టడం మన దగ్గర అతి మామూలు పొరపాటు.

అపోహ: వయసు కొంచెం అటూ ఇటూ చేయకపోతే జట్టు గెలవదు.

ఇది అపోహ కూడా కాదు, అందరికీ తెలిసిన రహస్యం. ఊళ్లో సగం మంది పెద్దల పుట్టినరోజు జూన్ నెలలోనే ఎందుకుంటుందో మనకు తెలుసు. బడిలో చేర్చిన నాడు హెడ్మాస్టరు రాసుకున్న తేదీ అది. ఆ అలవాటు ఆటలోకి వచ్చి బోనఫైడ్‌లో రెండేళ్లు తగ్గించడం దాకా పోయింది. దీన్ని పట్టుకోవడానికే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, క్రికెట్‌లో బీసీసీఐ ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూస్తున్నాయి. ఫిఫా 2009 నుంచి అండర్–17 ప్రపంచ కప్పులో ఎంఆర్‌ఐ వాడుతోంది. తప్పుడు కాగితంతో జిల్లా గెలిపించిన కుర్రాడు రాష్ట్రం దాటగానే ఎక్స్‌రే గదిలో ఆగిపోతాడు. నష్టపోయేది వాడే, కాగితం రాసినవాళ్లు కాదు.

కాగితం నిజమైనదే అయినా ఒక అన్యాయం దాగి ఉంటుంది. కటాఫ్ జనవరి 1 అయితే జనవరిలో పుట్టినవాడు, డిసెంబర్‌లో పుట్టినవాడు ఒకే అండర్–14లో ఉంటారు. ఇద్దరికీ మధ్య దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాదంటే నాలుగు అంగుళాలు ఉండొచ్చు. సెలెక్టర్ కన్ను పొడుగువాడి మీదే పడుతుంది. 1980ల్లో కెనడా ఐస్ హాకీలో మొదట బయటపడ్డ ఈ పక్షపాతం తర్వాత చాలా దేశాల ఫుట్‌బాల్‌లోనూ కనిపించింది. అందుకే ఒక్కరోజు సెలెక్షన్స్ అంటే నాకు నమ్మకం లేదు. రెండు గంటల్లో తెలిసేది ఎవరు పెరిగారన్నది, ఎవరు ఆడగలరన్నది కాదు. ఏడు వారాలు లీగ్ ఆడిస్తే, పక్క బడి పీఈటీలే ఎవరు ఆటగాడో చెప్పేస్తారు.

అపోహ: జిల్లాల వారీగా నడిపితేనే పద్ధతి.

2016లో ఒకసారి, 2019లో నారాయణపేటతో ఇంకోసారి, ఉమ్మడి పాలమూరు, నల్లగొండ ముక్కలై ఎనిమిది జిల్లాలయ్యాయి. ఆట పటం మాత్రం బస్సులు, రైళ్లు గీసిందే. డిండి బడి జట్టుకు జిల్లా కేంద్రం నల్లగొండ కంటే పక్క జిల్లాలోని అచ్చంపేట చాలా దగ్గర. కర్నూలు రైలు మార్గం మీద జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, వనపర్తి రోడ్, గద్వాల వరసగా వస్తాయి. ఇది దేవుడిచ్చిన లీగ్. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ ఒక గుంపు, సూర్యాపేట, కోదాడ వైపు ఇంకో గుంపు. జిల్లా జట్టును చివర్లో ఎంచుకోవచ్చు. వారం వారం ఆట మాత్రం గంట ప్రయాణంలో తేలాలి.

పాలమూరుకు ఇంకో నియమం కావాలి. పంటలు అయ్యాక అమ్మానాన్నలు హైదరాబాద్‌కో, ముంబైకో, పుణెకో వలస పోతే పిల్లలు వెంట పోతారు, లేదా హాస్టల్లో చేరతారు. నవంబర్‌లో జట్టు మారిన పిల్లాణ్ని "నీ పేరు అక్కడుంది" అని బయట నిలబెట్టే రూలు మన నేలకు పనికిరాదు. పేరు పిల్లాడిది, వాడు ఏ బడికి పోతే ఆ జట్టులో ఆడాలి. మైదానంలోంచి దిగినవాడు మళ్లీ ఎక్కొచ్చు కూడా. పిల్లల ఆటలో దానికి నిబంధనలే ఒప్పుకుంటాయి. బెంచీ మీద ముసలివాళ్లను తయారుచేయడం ఆపొచ్చు.

అపోహ: ఆడపిల్లల జట్లు కుదరవు.

గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. మొదట పరుగు పందేల అమ్మాయి. 2022లో క్రొయేషియాకు చెందిన డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడింది, 2025లో దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఫుట్‌బాల్ సమాఖ్య పురస్కారం అందుకుంది. దేవరకొండ చుట్టూ, అచ్చంపేట చుట్టూ ఎన్ని తండాలున్నాయో నేను చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ల దాకా ఆడ, మగ కలిసి ఆడొచ్చు. ఇక ఖర్చు సాకంటారా, 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిలకు టికెట్ లేదు. ప్రయాణ ఖర్చు పరంగా చూస్తే ఈ ప్రాంతంలో అబ్బాయిల లీగ్ కన్నా అమ్మాయిల లీగ్ నడపడమే తేలిక. ఈ మాట ఎవరూ అనరెందుకో.

అపోహ: ఇదంతా అసోసియేషన్ చేయాలి, మనమెవరం?

స్కూల్ గేమ్స్ ఒకరివి, సుబ్రతో కప్ ఇంకొకరిది, సీఎం కప్ ప్రభుత్వానిది, జిల్లా జట్ల ఎంపిక ఫుట్‌బాల్ సంఘానిది. నలుగురి క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి పడితే నలిగేది పీఈటీ సారు. వాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని అక్టోబర్–జనవరి ఆదివారాలు లీగ్‌కు వదిలేస్తే సంతోషం. అప్పటిదాకా ఆగాల్సిన పని లేదు. సమాఖ్య 2018లో ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్ల కోసం మొదలెట్టిన గోల్డెన్ బేబీ లీగ్స్‌ను బడులు, క్లబ్బులు, తల్లిదండ్రులు కూడా నడపొచ్చని అప్పుడే చెప్పారు. రిఫరీలు లేరంటే, జూనియర్ కాలేజీలో మీ పాత విద్యార్థులు ఉన్నారు. విజిల్ ఇచ్చి రెండు శనివారాలు నేర్పండి. గీత బయట నిలబడి వాళ్ల మీద కేకలేసే నాన్నలకు మాత్రం నీళ్ల క్యాన్ల డ్యూటీ వేయండి.

ఇది చదివే పీఈటీ సార్లకు, మేడమ్‌లకు ఒక మనవి. ఈ దసరా సెలవుల్లోనే గంట దూరంలో ఉన్న ఏడుగురు తోటి పీఈటీలకు ఫోన్ చేసి, ఏడు ఆదివారాలు కాగితం మీద రాసుకోండి. మొదటి ఆదివారం మ్యాచ్ పెట్టేముందు ఇరవై గుంటల్లోనూ పల్లేరు కాయలు ఏరించండి. మన పిల్లల్లో సగం మంది వట్టి కాళ్లతోనే వస్తారు.