పేటకు పేరైన మనిషి

కట్టంగూరు నుండి హైదరాబాదు వెళ్ళిన మనవాళ్ళు ఎందరో ఏ.ఎస్. రావు నగర్‌లో సిటీ బస్సు దిగుతుంటారు. ఆ రావుగారెవరంటే చెప్పేవారు తక్కువ. నేనూ చాలాకాలం ఎవరో రాజకీయ నాయకుడనుకున్నాను!

అయ్యగారి సాంబశివరావుగారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు. కాశీలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోను చదివి, తిరిగివచ్చి డాక్టర్ హోమీ భాభా వద్ద చేరారు. 1956లో మన మొదటి అణు రియాక్టర్ అప్సర నడిచినప్పుడు దానిని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పరికరాలను ఆయన బృందం ఇక్కడే తయారుచేసింది. ప్రతి పరికరానికీ పరదేశం వైపు చూడటం ఆయనకు గిట్టేది కాదు. అందుకే 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ వెలసింది. ఆయన 2003లో కన్నుమూశారు.

ఈసీ టీవీ పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నాకు మాత్రం 1975 నాటి సంగతి ఎక్కువ ఇష్టం. ఆ ఏడాది అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. అందులో మన పల్లెలూ కొన్ని ఉన్నాయి. సెట్లు చేసింది ఈసీఐఎలే. ఆకాశం నుండి వచ్చే తరంగాలను పట్టే పది అడుగుల గొడుగును దేనితో అల్లారనుకున్నారు? కోళ్ళగూటికి కట్టే ఇనుప జాలితో! పొద్దుగూకితే సేద్యం సంగతులు, ఆరోగ్యం సంగతులు చూడటానికి ఊరివాళ్ళంతా ఆ ఒక్క పెట్టె ముందు కూర్చునేవారు.