ఆ మలుపులో రెక్కకు ఏమైంది?

2006 జులై 19. ఇంగ్లండ్‌లోని సౌథెండ్ విమానాశ్రయం. పదహారేళ్ల కుర్రాడు చిన్న సెస్నా 150 విమానంలో ఒంటరిగా ఎగురుతున్నాడు. అది అతని రెండో సోలో. దిగడానికి అంతా సిద్ధం చేసుకుని రన్‌వే వైపు వస్తున్నాడు. వెనక నుంచి అంతకంటే వేగంగా మరో విమానం కూడా దిగడానికి వస్తోంది. కంట్రోల్ టవర్ అతన్ని ముందు గో-అరౌండ్ (దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం) చేయమంది. అంతలోనే ఆ మాట పక్కనబెట్టి, వరస వదిలి ఉత్తరం వైపు తిరగమంది. అతను తిరిగాడు. తక్కువ ఎత్తులో విమానం స్టాల్ అయి ఓ పార్కులో కూలింది. అబ్బాయి దక్కలేదు.

స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం కాదు, గాలి మీద రెక్క పట్టు తప్పడం. నడుస్తున్న బస్సు కిటికీ దగ్గర అరచేతి ముందు అంచును కాస్త ఎత్తి పెడితే చెయ్యి పైకి లేస్తుంది. ఇంకా ఎత్తితే లేవడం పోయి వెనక్కి నెట్టుకుపోతుంది. రెక్కదీ అదే సంగతి. ఎదురుగాలితో అది చేసే కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటిందంటే, పైభాగాన్ని అంటుకుని పారే గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. లిఫ్ట్, అంటే రెక్కను పైకి ఎత్తే బలం, ఒక్కసారిగా పడిపోతుంది. వేగం తగ్గేకొద్దీ ఎత్తు నిలుపుకోవడానికి పైలట్ ముక్కు ఎత్తుతూ పోతాడు. అలా ఎత్తుతూ ఎత్తుతూనే ఆ హద్దుకు చేరతాడు.

మలుపు తిరిగితే హద్దు మరింత దగ్గరవుతుంది. విమానం పక్కకు వాలినప్పుడు లిఫ్ట్‌లో కొంత భాగం దాన్ని తిప్పడానికి పోతుంది. ఎత్తు తగ్గకూడదంటే 45 డిగ్రీల వాలులో రెక్క 1.41 రెట్లు, 60 డిగ్రీల్లో రెండింతలు బరువు మోయాలి. స్టాల్ అయ్యే వేగం ఆ రెట్ల వర్గమూలం మేరకు పెరుగుతుంది. తిన్నగా పోయేటప్పుడు గంటకు 80 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం 45 డిగ్రీల మలుపులో 95 దగ్గరే, 60 డిగ్రీల్లో 113 దగ్గరే పట్టు తప్పుతుంది. పైగా దిగే విమానానికి ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) దించి ఉంటాయి, ఇంజిన్ పవర్ తగ్గించి ఉంటుంది. ఫ్లాప్స్ వల్ల గాలి నిరోధం ఎక్కువ. ఆ స్థితిలో కిందికి దిగడం తేలిక, ఎత్తు నిలుపుకుంటూ తిరగడం కష్టం.

నన్ను ఎక్కువగా కలచివేసేది దీని తర్వాతి సంగతి. గో-అరౌండ్ అన్న మాట వినగానే విద్యార్థి చేతులు వాటంతటవే కదులుతాయి: పూర్తి థ్రాటిల్ (ఇంజిన్ పవర్), ముక్కు అదుపు, ఫ్లాప్స్ మెల్లమెల్లగా పైకి. అంతగా సాధన చేయిస్తారు. కానీ దిగబోయే చివరి క్షణాల్లో ‘పక్కకు తిరుగు’ అంటే ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. ఫ్లాప్స్ దించిన స్థితిలోనే, చాలినంత పవర్ లేకుండా తిరిగి ఉంటాడని దర్యాప్తు అంచనా. పక్కసీట్లో గురువు ఉంటే చెయ్యి చాచి థ్రాటిల్ ముందుకు తోసేవాడు. రెండో సోలో పిల్లవాడి మీద ఈ తప్పు మోపడం అన్యాయం.

ఈ ప్రమాదం తర్వాత బ్రిటన్‌లో ఒంటరిగా ఎగిరే విద్యార్థులు రేడియోలో తమ కాల్‌సైన్‌కు ముందు ‘స్టూడెంట్’ అని చేర్చి చెప్పే పద్ధతి వచ్చింది. అవతల ఉన్నది కొత్తవాడని కంట్రోలర్‌కు తెలియాలి, మాట తేలిగ్గా అర్థమయ్యేలా, ముందుగా చెప్పాలి.

మన దేశంలోనూ 16 ఏళ్లకే స్టూడెంట్ పైలట్ లైసెన్స్ ఇస్తారు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో ఒంటరిగా ఎగురుతున్న ట్రైనీ ఒకరు సెస్నా 152 కూలి మరణించారు. మీ ఇంట్లో ఫ్లయింగ్ నేర్చుకునే పిల్లలుంటే ఒక్క మాట చెప్పండి: ముందు విమానం నడపడం, తర్వాతే రేడియోలో జవాబు. చేయలేని పని చెబితే ‘అనేబుల్’ (చేయలేను) అనే హక్కు పైలట్‌కు ఉంది. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని పెంచిన మన పిల్లలకు ఇది ఇంట్లోనే, సోలోకు ముందే, గట్టిగా చెప్పాలి.