గడ్డం గీయబోయిన గరుకు కాగితం

గడ్డానికి కత్తి దేనికి, గరుకు కాగితంతో రుద్దుకుంటే చాలదా? గాట్లు కూడా పడవు! అమెరికాలో త్రీఎం కంపెనీలో పనిచేసిన ఫ్రాన్సిస్ ఓకీకి తట్టిన ఆలోచన ఇది. జనం దాన్ని పట్టించుకోలేదు. కానీ ఆయనే తయారుచేసిన మరో కాగితం తుప్పు పట్టిన పాత క్షవరం కత్తులను మళ్లీ వాడుకలోకి తెస్తోంది. మన పెయింటర్లు ‘వాటర్ పేపర్’ అనేది దాన్నే.

దాని మీది నల్లటి పొడి కథ 1891లో పెన్సిల్వేనియాలో మొదలైంది. ఎడ్వర్డ్ అచెసన్ ఇనుప గిన్నెలో బంకమట్టి, కోక్ పొడి కలిపి, మధ్యలో కార్బన్ కడ్డీ గుచ్చి కరెంటు పంపాడు. చల్లారాక చూస్తే కడ్డీకి మెరిసే పలుకులు అంటుకుని ఉన్నాయి. ఒక పలుకును పెన్సిల్ కొనకు అతికించి గాజు మీద గీశాడు. వజ్రంలా కోసింది. అదే సిలికాన్ కార్బైడ్. ‘కార్బోరండమ్’ పేరుతో 1893లో పేటెంట్ వచ్చింది.

పొడి గట్టిదే, కానీ దాన్ని కాగితానికి పట్టి ఉంచే జిగురు నీళ్లు తగిలితే ఊడిపోయేది. పొడిగా రుద్దితే దుమ్ము. అప్పట్లో ఫిలడెల్ఫియాలో సిరా వ్యాపారం చేస్తున్న ఓకీ నీటికి చెదరని జిగురు కనిపెట్టాడు. త్రీఎం ఆ హక్కులతో పాటు ఆయన్నీ కంపెనీలోకి తెచ్చుకుంది. 1921లో ఆ కాగితం బజారుకొచ్చింది. కార్ల రంగు పనివాళ్లు మొదట దాన్ని అందుకున్నారు.

ఇక మోటారు వంతు. 1932లో విస్కాన్సిన్‌లోని రసీన్‌లో ఆల్బర్ట్ డ్రెమెల్ కంపెనీ పెట్టాడు. చేతిలో ఇమిడే దాని రోటరీ పనిముట్టు నేటికీ ప్రసిద్ధం. ఇప్పటి నమూనాలు నిమిషానికి సుమారు 5,000 నుంచి 35,000 చుట్లు తిరుగుతాయి. తుప్పు వదిలించడానికి పాత కత్తి కొన్నవాళ్ల చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. చిక్కంతా అక్కడే.

లెక్క చూడండి. 13 మిల్లీమీటర్ల గరుకు రోలరు 30,000 చుట్ల వేగంతో తిరిగితే దాని అంచు సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 70 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఉక్కును గీస్తుంది. ఆ రాపిడంతా వేడిగా మారుతుంది. కత్తి వెన్ను దళసరి కాబట్టి వేడిని తట్టుకుంటుంది. అంచు దగ్గర ఉక్కు మిల్లీమీటరులో చిన్న వంతు మందమే, వేడికి పోయే దారి ఉండదు. ఉక్కు 220 డిగ్రీల ప్రాంతంలో గడ్డిరంగుకు, 300 దగ్గర నీలానికి తిరుగుతుంది. నీలం కనిపిస్తే అక్కడ గట్టిదనం పోయినట్టే. తర్వాత ఎంత సాన పెట్టినా ఆ చోట పదును నిలవదు.

బెల్టు, ఆర్బిటల్ సాండర్లు చెక్క పనికి బాగుంటాయి. వాటి చదును తలం కత్తి ప్రక్కల్లోని గుంటలోకి దిగదు, వెన్నునే అరగదీస్తుంది. సానరాయి మీద కత్తి ఆనేది వెన్ను, అంచు రెండింటి మీదా. వెన్ను వంకరగా అరిగితే పదును కోణం మారిపోతుంది.

కాబట్టి రోటరీ పనిముట్టు కొనేటప్పుడు గరిష్ఠ వేగం కాదు, కనిష్ఠ వేగం చూడాలి. గరుకు రోలరు మానేసి, పాలిష్ ముద్ద పూసిన గుడ్డ చక్రంతో, పిడి వైపు మొదలు దగ్గర, వెన్ను దగ్గర మాత్రమే వాడాలి. చక్రం అంచు మీదుగా బయటికి జారేలా తిరగాలి. అంచుకు ఎదురుగా తిరిగితే కత్తిని లాగి విసిరేస్తుంది. వేలికి చురుక్కుమంటే ఆపి నీళ్లలో ముంచాలి. సెల్యులాయిడ్ పిడి ఉంటే ముందే విప్పాలి, అది ఇట్టే అంటుకుంటుంది. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

మిగతాది చేతి పని. వాటర్ పేపర్‌ను బెండు ముక్కకు చుట్టి, తడుపుతూ 400, 600, 1000, 2000 నంబర్ల వరుసలో రుద్దాలి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ అడ్డంగా మార్చాలి. పాత గీతలు పూర్తిగా మాయమైతేనే ముందుకెళ్లాలి. నీళ్లు అరిగిన పొడిని కడిగేస్తాయి, ఉక్కును చల్లగా ఉంచుతాయి. లోతైన తుప్పు గుంటలు ఒకటి రెండు మిగిలినా ఫరవాలేదు. వాటికోసం ఉక్కునంతా అరగదీస్తే తయారీదారు ముద్రా పోతుంది, కత్తీ పోతుంది.