తొందర లేని పోతు

జూన్ వచ్చేసింది. పిల్లలకు పుస్తకాలు కొనాలి. వరి విత్తనాలు తేవాలి. చేతిలో పైసా లేదు. పాక ముందు నాలుగు నెలల మేకపోతు పిల్ల మాత్రం ఉంది. బేరగాడు వస్తాడు. నడుం తడిమి చూస్తాడు, ఎత్తి బరువు అంచనా కడతాడు. అతను చెప్పిందే ధర! ఇంకో ఆర్నెల్లు ఆగితే మంచి రేటు పలుకుతుందని ఇంటివాళ్లకూ తెలుసు. కానీ ఆ పోతును అన్నాళ్లు ఉంచుకోవడం ఎలా? చిక్కంతా అక్కడే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఐదో పదో మేకలున్న ఇళ్లన్నిటికీ తెలిసిన బాధే ఇది. దీనికో పాత ఉపాయం ఉంది. పోతుకు విత్తులు కొట్టించడం!

ఎందుకు కొట్టించాలి?

పోతుపిల్లకు నాలుగైదు నెలలు నిండితే చాలు, ఎదకొచ్చిన మేక వెంట పడుతుంది. తల్లి, చెల్లి అన్న తేడా ఉండదు. ఇంకా ఎదగని ఆడపిల్లలు చూలు కడతాయి. దగ్గరి సంబంధంలో పుట్టిన పిల్లలు బలహీనంగా ఉంటాయి. మంద తరిగిపోవడం అలాగే మొదలవుతుంది. పోతు కొమ్ముల వెనక గ్రంథుల నుంచి ఘాటైన వాసన. దానికితోడు తన మూత్రం తనే గడ్డం మీద చిమ్ముకుంటుంది. కుమ్ములాటలు సరేసరి. తాడు తెంపుకుని పక్కవాళ్ల చోడి చేలో పడిందంటే ఊళ్లో తగువే.

విత్తులు కొట్టిన పోతుకు ఈ గోల ఉండదు. ఆడమేకలతో కలిసి మేస్తుంది. వేరే పాక, వేరే కాపలా అక్కర్లేదు. ఒళ్లు చేస్తుంది. మాంసానికి పోతు వాసన రాదు. పొలంలో మంద కట్టినప్పుడు ఎరువుకు దాని వంతు అదీ ఇస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద లాభం మరొకటుంది. అమ్మే రోజు రైతు చేతిలో ఉంటుంది. ముక్కనుమకో, బక్రీదుకో, శంబర పోలమాంబ జాతర రోజులకో మాంసానికి గిరాకీ పెరిగేదాకా ఆగొచ్చు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ రోజే సంతకు తోలొచ్చు. ఒక్కమాటలో... నాలుగు కాళ్ల పొదుపు ఖాతా! అమ్మవారికి మొక్కి విడిచిన పోతు సంగతి మాత్రం వేరు. ఆ విషయంలో ఏ ఇంటి ఆనవాయితీ ఆ ఇంటిదే.

ఎప్పుడు, ఎలా?

రెండు నుంచి నాలుగు నెలల వయసు అనుకూలం. పూర్వం పశువుల విత్తులు కర్రల మధ్య పెట్టి నలగ్గొట్టేవారు. అది నరకం. ఇప్పుడు పశువుల డాక్టర్లు బర్డిజో అనే పట్టకారు వాడుతున్నారు. చర్మం తెగకుండా లోపలి నరాన్ని నొక్కేస్తుంది. నెత్తురు రాదు, పుండు పడదు. అయినా నొప్పి ఉంటుంది. కాబట్టి సొంత వైద్యం వద్దు, డాక్టర్ చేతనే చేయించాలి. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఆడమేకలకు దూరంగా ఉంచాలి. వెంటనే గొడ్డుపోదు మరి!

తవుడుతో జాగ్రత్త

మరీ పసితనంలో కొట్టిస్తే మూత్రనాళం సన్నగా ఉండిపోతుంది. అలాంటి పోతుకు ప్రేమకొద్దీ తవుడు, నూకలు దండిగా పెడితే మూత్రంలో రాళ్లు కట్టి అడ్డుపడతాయి. తవుడులో భాస్వరం ఎక్కువ మరి. ఆకు, గడ్డి ప్రధానంగా ఉండాలి. శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ అందాలి. ముక్కుతూ, అరుస్తూ, చుక్కచుక్కగా మూత్రం పోస్తుంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తెల్లారేదాకా ఆగితే ప్రాణం దక్కకపోవచ్చు. పారుడు రోగం, చిటుకు రోగం టీకాలు కూడా మరవకూడదు. ఏడాది పొదుపు ఒక్క రాత్రిలో పోతే ఏం లాభం?

ఎవరికి అక్కర్లేదు?

ఐదారు నెలలకే అమ్మేసేవారికి ఈ పని అనవసరం. కొట్టని పోతు కాస్త తొందరగా బరువు పెరుగుతుంది కూడా. ఇక మందకు ఒక మంచి విత్తనపు పోతు ఎలాగూ కావాలి. ఇరవై ముప్పై మేకలకు ఒక్కటి చాలు. దాన్ని కూడా రెండేళ్లకోసారి పక్క ఊరి పోతుతో మార్చుకుంటే మంద బాగుంటుంది.

మిగతా పోతులకు తొందర లేకుండా చేస్తే, వాటిని పెంచే ఇంటికీ అమ్మే తొందర తప్పుతుంది. వచ్చే జూన్‌లో బేరగాడు మళ్లీ వస్తాడు. నడుం తడిమి ధర చెబుతాడు. ఈసారి మాత్రం... 'ఇప్పుడు కాదులే, పండగకి రా' అనొచ్చు!