వాటర్ కూలింగ్ పీసీ కట్టించుకున్నారా? లూప్‌లో నీళ్లు తేటగా ఉండాలంటే ఇవి తెలియాలి

హైదరాబాద్: అద్దాల డబ్బా, లోపల మెరిసే లైట్లు, పారదర్శకంగా ఉన్న గొట్టాల్లో తిరిగే నీళ్లు. కస్టమ్ వాటర్ కూలింగ్ పీసీ చూడటానికి అక్వేరియంలా ఉంటుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, త్రీడీ పని చేసేవాళ్లు, గేమ్స్ పిచ్చి ఉన్న కుర్రాళ్లు అప్పు చేసి మరీ వీటిని కట్టించుకుంటున్నారు. కట్టేవాళ్లు ఫొటోలు తీసి, బిల్లు ఇచ్చి పంపిస్తారు. ఆ తర్వాత నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. ఆరు నెలలకు నీళ్లు పాచిరంగుకు తిరుగుతాయి, ఏడాదికి గొట్టం లోపల తెల్లటి పొర పడుతుంది, సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో మెషిన్ వేడెక్కి ఆగిపోతుంది. అప్పుడు నాలుగు షాదీల ఫుటేజ్ చేతిలో పెట్టుకుని కూర్చున్న ఎడిటర్‌కి ఆ అక్వేరియం అందం ఎందుకూ పనికిరాదు.

కంప్యూటర్లకు నీళ్లతో చల్లదనం ఇవ్వడం కొత్తేమీ కాదు. 1960ల్లోనే ఐబీఎం పెద్ద మెషిన్లకు నీళ్లు తిప్పింది. 2004లో ఆపిల్ తన పవర్ మ్యాక్ జీ5 మోడల్ ఒకదానికి లిక్విడ్ కూలింగ్ పెట్టి అమ్మింది. తేడా ఏమిటంటే అవి కంపెనీ సీల్ చేసి ఇచ్చినవి. కస్టమ్ లూప్‌లో పంపు ఒకరిది, రేడియేటర్ ఇంకొకరిది, బ్లాక్ మరొకరిది, నీళ్లు మనవి. కాబట్టి బాధ్యత కూడా మనదే.

మురికి వల్ల నష్టం ఎక్కడ?

ఇది చిన్న లెక్కతో అర్థమవుతుంది. నిమిషానికి ఒక లీటరు నీళ్లు తిరుగుతున్నాయనుకుందాం. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి 300 వాట్ల వేడి ఇస్తే, ఆ నీళ్లు ఒక చుట్టులో సుమారు 4 డిగ్రీలు వేడెక్కుతాయి. అంతే. అదే నీళ్లు మురికి అడ్డం పడి నిమిషానికి పావు లీటరే తిరిగితే, చుట్టుకు 17 డిగ్రీల పైన వేడెక్కుతాయి. పంపు పాడవలేదు, ఫ్యాన్లు ఆగలేదు, కానీ వేడి పెరిగిపోయింది.

అడ్డం పడేది ఎక్కువగా ప్రాసెసర్ మీద కూర్చునే వాటర్ బ్లాక్‌లోనే. దాని అడుగున రాగి రేకు మీద దువ్వెన పళ్లలాంటి సన్నని గాళ్లు కోసి ఉంటాయి. ఒక్కో గాడి అర మిల్లీమీటరు కంటే సన్నం. మొత్తం లూప్‌కి అదే జల్లెడ. చాయ్ వడకట్టే జాలీలో ఆకు పేరుకున్నట్టు, ఎక్కడ పుట్టిన మురికైనా చివరికి అక్కడికే చేరుతుంది.

ఇంకో విషయం. నీళ్లు గది వేడి కంటే చల్లగా అవ్వలేవు. మే నెలలో ఏసీ లేని గదిలో 38 డిగ్రీలు ఉంటే లూప్‌లో నీళ్లు 45 దాటడం మామూలే. చల్లటి దేశాలవాళ్లకు ఉన్న వెసులుబాటు మనకు లేదు. శుభ్రంగా ఉంచుకోవడంలో కొంచెం తేడా వచ్చినా మనకే ముందు దెబ్బ తగులుతుంది.

ఏ నీళ్లు పోయాలి?

నల్లా నీళ్లు వద్దు. బోరు నీళ్లు అసలే వద్దు. మన ఊళ్లో గీజర్ రాడ్డు మీద, బకెట్ అంచు మీద పట్టే తెల్లటి సున్నం పొర అందరం చూసిందే. వేడి తగిలినచోట ఆ సున్నం ఎక్కువ పేరుకుంటుంది. లూప్‌లో అన్నిటికంటే వేడిగా ఉండేది ఆ సన్నని గాళ్లే. మరి ఫిల్టర్ నీళ్లు? ఇంట్లో ఆర్వో మెషిన్ లవణాలను తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. తాగడానికి మంచివే, లూప్‌కి కాదు. "మరిగించి చల్లార్చి పోశాను భాయ్" అనేవాళ్లు కూడా ఉన్నారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, లవణాలు మాత్రం ఎక్కడికీ పోవు.

కావాల్సింది డిస్టిల్డ్ వాటర్, అంటే ఆవిరి పట్టి మళ్లీ నీరుగా మార్చింది. బ్యాటరీ షాపుల్లో డబ్బాల్లో దొరికే బ్యాటరీ వాటర్ చాలాసార్లు లవణాలు తీసిన డీఎం వాటర్ అయి ఉంటుంది. లేబుల్ చూసి కొనండి. చేతిలో టీడీఎస్ మీటర్ ఉంటే ముంచి చూడండి, సున్నాకి దగ్గరగా చూపించాలి. అయితే ఆ మీటర్ లవణాలనే చూపిస్తుంది, క్రిములను చూపించదు. అందుకే మూత తీసి నెలల తరబడి పెట్టిన డబ్బాలోది పోయొద్దు.

డిస్టిల్డ్ వాటర్ కరెంట్ పాస్ చేయదు, లీకైనా ఏమీ కాదు అని ఒక మాట బాగా తిరుగుతుంది. డబ్బాలో ఉన్నంతసేపే అది నిజం. లూప్‌లో పడి రాగిని, నికెల్‌ని తాకగానే దానిలో అయాన్లు చేరడం మొదలవుతుంది, పైగా బోర్డు మీద దుమ్ము ఉండనే ఉంటుంది. లీకైతే ముందు ప్లగ్ పీకాలి.

కారు కూలెంట్ పోసేవాళ్లు కూడా ఉన్నారు. గ్లైకాల్ ముఖ్యంగా నీళ్లు గడ్డకట్టకుండా ఉండటానికి. హైదరాబాద్‌లో గదిలో నీళ్లు ఎప్పుడు గడ్డకట్టాయి? అది నీళ్ల కంటే చిక్కన, వేడిని మోసే శక్తి తక్కువ. నా ఉద్దేశంలో మనకు దాని అవసరం లేదు.

లోహాల గొడవ

పెళ్లి వంటల్లో వాడే రాగి దేగ్‌లకు కలాయి పూయించడం మనకు తెలుసు. లోపల తగరం పొర ఉన్నంతకాలం రాగికి, వంటకు మధ్య పరదా ఉంటుంది. ఆ పొర గీసుకుపోతే మళ్లీ కలాయివాడి దగ్గరికి పోవాల్సిందే. చాలా వాటర్ బ్లాకుల మీద తెల్లగా మెరిసేది కూడా అలాంటి పొరే. లోపల రాగి, పైన నికెల్ పూత. దాన్ని ఆమ్లంతోనో, ఇనుప పీచుతోనో రుద్దితే పోతుంది. తేడా ఏమిటంటే, దీనికి మళ్లీ పూత వేసేవాడు వీధిలో దొరకడు.

అంతకంటే పెద్ద ముప్పు అల్యూమినియం. రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో ఉంటే అది బ్యాటరీలా పనిచేస్తుంది. అల్యూమినియం కరుగుతూ పోతుంది, తెల్లటి పొడి నీళ్లలో కలుస్తుంది, చివరికి రేడియేటర్‌కి చిల్లు పడుతుంది. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే రేడియేటర్లలో చాలావరకు అల్యూమినియమే. సీల్ చేసి వచ్చే రెడీమేడ్ కూలర్లలో కూడా రేడియేటర్ సాధారణంగా అల్యూమినియమే ఉంటుంది, కానీ వాటిలో తుప్పు ఆపే మందు కలిపి ముద్ర వేస్తారు. ఆ రేడియేటర్ ఊడదీసి మన రాగి లూప్‌లో పెడితే ఆ రక్షణ పోయినట్టే. కొనేటప్పుడు రెండు మూడు వేలు మిగిలాయని సంతోషపడితే, గ్రాఫిక్స్ కార్డు మీద నీళ్లు కారాక లెక్క తారుమారవుతుంది. రేడియేటర్ రాగిదో, ఇత్తడిదో అని బిల్లు మీద రాయించుకోవడం మంచిది.

రాగి లూప్‌లో కూడా తుప్పు ఆపే మందు ఉండాలి. బెంజోట్రయజోల్ అనేది రాగి మీద సన్నని పొరగా పట్టి కాపాడుతుంది. మంచి కూలెంట్లలో ఇలాంటిది ముందే కలిపి ఉంటుంది.

పాచి, పొర, రంగు

వెచ్చటి నీళ్లు, వెలుతురు, కాస్త ఆహారం ఉంటే చాలు, నాచు పట్టేస్తుంది. కిటికీ పక్కన ఎండ పడేచోట పారదర్శక గొట్టాల పీసీ పెట్టడమంటే దాన్ని పెంచడమే. క్రిములను ఆపడానికి బయోసైడ్ చుక్కలు దొరుకుతాయి. వీటిలో కొన్ని కాపర్ సల్ఫేట్ ఆధారంగా చేసినవి. అదే మన రైతులు సున్నంతో కలిపి పైరుకు కొట్టే మైలుతుత్తం. అలాగని పురుగుమందుల షాపులో కొని చిటికెడు వేసేయకండి. లీటరుకు ఎన్ని చుక్కలో సీసా మీద రాసి ఉంటుంది, అంతే వేయాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం కాదు, లోహానికి హాని. రెండు కంపెనీల మందులు కలపడం కూడా వద్దు, కొన్ని కలిస్తే ముద్ద కడతాయి.

గొట్టం లోపల తెల్లటి జిగురు పొర కనబడితే ప్రతిసారీ అది పాచి కాదు. మెత్తటి పీవీసీ గొట్టాలకు మెత్తదనం ఇచ్చే ప్లాస్టిసైజర్ వేడికి మెల్లగా బయటికి వచ్చి, బ్లాక్ గాళ్లలో మైనంలా పేరుకుంటుంది. గొట్టం కూడా మసకబారుతుంది. నల్లటి ఈపీడీఎం రబ్బరు గొట్టాల్లో ఈ బాధ దాదాపు ఉండదు. అందంగా ఉండవు, నిజమే. రోజూ పనిచేసే మెషిన్‌కి నేనైతే అవే చెబుతాను. గట్టి గొట్టాలు కావాలంటే అక్రిలిక్ చూడండి. పెట్‌జీ గొట్టం 60 డిగ్రీల దగ్గరకు పోతే మెత్తబడి ఫిట్టింగ్ దగ్గర జారే ప్రమాదం ఉంది.

ఇక రంగు. పాలలా చిక్కగా, పాస్టెల్ రంగుల్లో కనిపించే కూలెంట్లలో నిజానికి సన్నటి రేణువులు తేలుతుంటాయి. మెషిన్ కొన్నాళ్లు ఆపితే అడుగుకు దిగుతాయి, గాళ్లలో ఇరుక్కుంటాయి. ముత్యంలా సుడులు తిరిగేవైతే ప్రదర్శన కోసం కొన్నాళ్లు నడిపే మెషిన్లకే. యూట్యూబ్‌లో చూసి అవే కావాలని పట్టుబట్టే కస్టమర్‌కి ఈ మాట ముందే చెప్పాల్సిన బాధ్యత కట్టేవాళ్లది. రంగు మీద అంత మోజుంటే తేట నీళ్లు పోసి, లైట్ రంగు మార్చుకోవచ్చు.

కొత్త రేడియేటర్ శుభ్రంగా ఉండదు

కొత్తదే కదా అని డబ్బాలోంచి తీసి నేరుగా బిగించేస్తారు చాలామంది. రాగి రేడియేటర్‌ని టంకం వేసి అతికించేటప్పుడు వాడిన ఫ్లక్స్, లోహపు ముక్కలు లోపలే ఉంటాయి. సగం వరకు వేడినీళ్లు పోసి, రంధ్రాలు మూసి, రెండు నిమిషాలు గట్టిగా ఊపి, తెల్లటి టబ్‌లో ఒంపండి. నల్లటి నలకలు కనబడతాయి. నలక రానంతవరకు మళ్లీ మళ్లీ చేయాలి. ఐదారుసార్లు పట్టొచ్చు, విసుగు పుడుతుంది, అయినా తప్పదు. చివరి రెండు మూడుసార్లు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలి, లేకపోతే నల్లా నీళ్ల సున్నం లోపలే మిగిలిపోతుంది.

ఎప్పుడు విప్పాలో ఎలా తెలుస్తుంది?

డిస్టిల్డ్ వాటర్, మందులతో నడిచే లూప్‌కి ఆరు నెలల నుంచి ఏడాదికి ఒకసారి నీళ్లు మార్చాలి. రెడీమేడ్ కూలెంట్ అయితే సీసా మీద రాసిన గడువు పాటించాలి. కానీ తేదీ కంటే అంకెలు బాగా చెబుతాయి. లూప్ కొత్తగా ఉన్నప్పుడే ఒకే పని అరగంట నడిపి గది వేడి, నీళ్ల వేడి, ప్రాసెసర్ వేడి ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. కామర్స్ చదివినవాడిని కాబట్టి ఓపెనింగ్ బ్యాలెన్స్ లేకుండా లెక్క ఎలా తేలుతుందని నాకు అనిపిస్తుంది. మూడు నెలలకోసారి అదే పని నడిపి పోల్చుకోండి. గదికి, నీళ్లకి మధ్య తేడా పెరిగితే ముందు చూడాల్సింది రేడియేటర్ మీద దుమ్ము, ఫ్యాన్లు. ఆ తేడా అంతే ఉండి, నీళ్లకి, ప్రాసెసర్‌కి మధ్య తేడా పెరిగితే బ్లాక్ మూసుకుపోతున్నట్టు, లేదా థర్మల్ పేస్ట్ ఎండినట్టు.

బ్లాక్ విప్పేముందు ప్రతి దశా ఫొటో తీసుకోండి. లోపల జెట్ ప్లేట్ అనే చిన్న రేకు ఉంటుంది, తిరగేసి పెడితే నీళ్ల దారే మారిపోతుంది. గాళ్లను మెత్తటి టూత్ బ్రష్, చుక్క గిన్నెల సబ్బుతో, గాడి పొడవునా తోమాలి. రాగి నల్లబడితే అమ్మమ్మలు బిందెలకు చింతపండు రుద్దినట్టు రుద్దాలనిపిస్తుంది. సూత్రం సరైనదే, ఆమ్లం మరకను తీస్తుంది. కానీ గుజ్జు గాళ్లలో ఇరుక్కుంటుంది. దాని బదులు నిమ్మఉప్పు పలచగా కలిపిన నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి బాగా కడిగితే చాలు. ఇదీ పూత లేని రాగికి మాత్రమే. అక్రిలిక్ భాగాలకు శానిటైజర్, స్పిరిట్, గ్లాస్ క్లీనర్ తగలనివ్వకండి, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. ఓ-రింగ్ చదునుగా నొక్కుకుపోయినా, ఉబ్బినా మార్చేయాలి. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి.

తిరిగి నింపాక మదర్‌బోర్డుకు కరెంట్ ఇవ్వకుండా పంపు ఒక్కదాన్నే నడిపి, కీళ్ల కింద టిష్యూ పేపర్లు పెట్టి కొన్ని గంటలు చూడాలి. పంపు నీళ్లు లేకుండా క్షణం కూడా తిరగకూడదు.

తీసేసిన కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటే అది తియ్యగా ఉండే విషం, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇంట్లో పిల్లలున్నచోట దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టడం కంటే ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. పేరు రాసిన డబ్బాలో, తాళం పడేచోట పెట్టండి.

సెకండ్ హ్యాండ్ లూప్ కొంటున్నవాళ్లకు ఒక మాట. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, తెలిసినవాళ్ల దగ్గర కొన్నా, మెషిన్ ఆన్ చేసి లైట్లు చూపిస్తే సరిపోదు. లైట్లు ఆర్పించి, ఫోన్ టార్చ్ తెల్ల వెలుతురులో రిజర్వాయర్ అడుగు, బ్లాక్ గాళ్లు చూడండి. నీళ్లలో ఆకుపచ్చ, నీలం ఛాయ ఉంటే ఏ కూలెంట్ పోశారో అడగండి. రంగు కూలెంట్ కాదని వాళ్లంటే, అది రాగి కరిగిన రంగో, పాచో అయి ఉంటుంది. అప్పుడు బ్లాక్ విప్పి చూపించమనండి. ఒప్పుకోకపోతే గ్రాఫిక్స్ కార్డు ధర వరకే ఇవ్వండి, లూప్‌కి పైసా కట్టొద్దు.